గడ్డకట్టని నెత్తురు

మందలోకెల్లా మేలైన పొట్టేలు మేస్తూ మేస్తూ కూలి చచ్చింది. చీకటి పడ్డాక గొర్రెల వ్యాపారి బొజ్జన్న దొడ్డిలో లాంతరు పెట్టి కత్తి నూరాడు. కోసి వాటాలు వేస్తే సగం నష్టమైనా పూడుతుంది.

"ఇంగా ఏం సూస్తాండావప్పా? జనాలు గిన్నెలు పట్టుకోని కూసోనుండారు," అంది భార్య గిడ్డమ్మ.

పొట్టేలు ముక్కులోంచి నల్లటి నెత్తురు ఇంకా నీళ్లలా కారుతూనే ఉంది. అలా గడ్డకట్టకపోతే దొమ్మరోగమని, కొయ్యకుండా సున్నం వేసి లోతుగా పూడ్చమని నిరుడు ఊరికొచ్చిన పశువుల డాక్టరు చెప్పిపోయాడు.

మందంతా నెమరు ఆపి అటే చూస్తోంది. అంత జీవాన్ని ఒక్కపూటలో పడేసిన ఆ కంటికి కనిపించనిదానికి చేతులెత్తి మొక్కాలనిపించింది బొజ్జన్నకు.

"దీన్ని కొయ్యకూడదే. ముట్టుకుంటే మనుషులకూ వస్తాది."

గిడ్డమ్మ ఇందాక పొట్టేలు ముక్కు తుడిచిన అరచేతిని లాంతరు దగ్గర పెట్టి చూసుకుంటోంది. కంప గీరుకున్న చోట ఉన్న నెత్తురు తనదో, దానిదో తెలియడం లేదు.