రెక్క ముక్క చెప్పిన సంగతి

"డబ్బాలో ఏముంది?"

ఆనకట్ట కాపలాదారు మెట్లకి అడ్డంగా నిలబడి అడిగాడు. రోజూ ఆ వేళకి గదిలో కూర్చుని అన్నం తింటుంటాడు. ఆ రోజు పన్ను సలిపేస్తుంటే ముద్ద దిగక బయటికొచ్చాడు.

మెట్లెక్కుతున్న ముసలాయన భుజం మీది డబ్బా దించాడు. నీళ్ళలో రెండు పెద్ద చేపలు. కడుపులు ఉబ్బి ఉన్నాయి.

చేపలు గుడ్లు పెట్టే కాలమని వానలు తగ్గేదాకా నదిలో వేట నిషేధం.

"దొంగతనం చేస్తూ దొరికావు."

"దొంగతనం కాదు నాయనా. ఇవి గుడ్లు పెట్టాలంటే పైకి పోవాలి. గోడ అడ్డమొచ్చి తలలు బాదుకుంటున్నాయి. పైన నీళ్ళలో వదిలేద్దామని..."

"చేపలకి కూలి మోస్తున్నావా?"

ముసలాయన నవ్వలేదు.

"తొందరగా పోనియ్యి నాయనా. డబ్బాలో ఎక్కువసేపు బతకవు."

కాపలాదారు చేపల శాఖ అధికారికి ఫోన్ చేశాడు. అరగంటలో జీపు వచ్చింది.

"మా చేపపిల్లల పెంపక కేంద్రం నుంచి ఏటా లక్ష పిల్లల్ని జలాశయంలో వదులుతున్నాం. ఇలాంటి వాళ్ళుంటే ఎన్ని వదిలి ఏం లాభం?" అన్నాడు అధికారి.

ముసలాయన్ని నాలుగు రోజులు స్టేషన్‌లో ఉంచారు, తడిబట్టలతోనే. గుడ్లతో ఉన్న చేపలు అధికారి ఇంటికి వెళ్ళాయి.

ఆ చలికాలంలోనే ముసలాయన దగ్గీ దగ్గీ పోయాడని టీకొట్టు దగ్గర ఎవరో అన్నారు.

"పీడా పోయింది," అన్నాడు కాపలాదారు టీ ఊదుకుంటూ.

మూడేళ్ళు తిరిగేసరికి జలాశయంలో వేసిన వల వేసినట్టే ఖాళీగా రాసాగింది. కాపలాదారు బావమరిది వల చుట్టి అటక మీద పడేసి ఇటుకల బట్టీలో పనికి కుదిరాడు. కాపలాదారు ఉండే జాలర్ల వీధిలో సగం ఇళ్ళకి తాళాలు పడ్డాయి.

జనం గొడవ చేస్తే, పై ఆఫీసు వాళ్ళు ఒక పరిశోధకురాలిని పంపారు.

కేంద్రంలో ఒక బీరువా నిండా చిన్న చిన్న సీసాలున్నాయి. పన్నెండేళ్ళుగా జలాశయంలో పట్టిన చేపల్నుంచి కోసి దాచిన రెక్క ముక్కలవి. ఏ ఏడువి ఆ ఏడు చీటీతో ఉన్నాయి. ఎవరూ పరీక్షించలేదు.

"తల్లెవరో తండ్రెవరో ఈ ముక్కే చెబుతుంది. దీని డీఎన్ఏలో గుర్తులుంటాయి. మీ కేంద్రంలోని తల్లిచేపల గుర్తులతో కలిస్తే మీ పిల్ల. కలవకపోతే బయటిది," అందామె.

"అన్నీ మావే వస్తాయి, చూడండమ్మా," అన్నాడు అధికారి.

నెలన్నర తర్వాత ఆమె కాగితాలు పట్టుకొచ్చింది. అధికారి సాయానికి పిలిపించిన కాపలాదారు బీరువాలో సీసాలు సర్దుతున్నాడు.

"ఆరు వందల ముక్కలు చూశాను సార్. అందులో మీ పిల్లలు ఏడు."

"ఏడు శాతమా?"

"ఏడంటే ఏడే. తొట్లలో మేత తిని పెరిగినవి కదా, పెద్ద నీళ్ళలో బతకలేకపోతున్నాయి."

"మరి మిగతావి?"

"గోడ కింద నదిలో తిరిగే చేపల సంతానం. అక్కడ పట్టి చూసిన చేపల గుర్తులతో కలిశాయి."

"అరవై అడుగుల గోడ చేపలెలా ఎక్కుతాయమ్మా?"

"ఎక్కలేవు. ఒక్కో ఏడు పుట్టిన పిల్లలన్నీ పదో పన్నెండో తల్లుల కడుపు పంటే. అంటే ఆ కొన్నిటినీ ఎవరో మోసుకొచ్చి పైన వదలాలి."

సీసాల చప్పుడు ఆగింది.

"మూడేళ్ళ క్రితం వానాకాలంలో అది ఆగిపోయింది. ఆ తర్వాత నది పిల్ల ఒక్కటీ లేదు. అప్పుడిక్కడ ఏమైనా జరిగిందా సార్?"

"ఏం జరగలేదే," అన్నాడు అధికారి, కాగితాల మీంచి తలెత్తకుండా.

కాపలాదారు చెబుదామని నోరు తెరిచాడు. పేరేమిటో గుర్తు రాలేదు. అసలు ఆ మనిషిని తను పేరే అడగలేదు.

అన్నేళ్ళూ తన వీధిలో ప్రతి ఇంటి పొయ్యీ వెలిగించింది, తను దొంగ అంటూ పట్టిచ్చిన ఆ ముసలాయనే.