పొద్దుటి మాస్టారు, సాయంత్రం మాస్టారు

“జుట్టంతా తడిగా ఉందేమిటే?”

చీకటి పడ్డాక ఇంటికి వెళుతున్న ఎతెల్కాకు వీధి మలుపులో వెన్సెల్ మాస్టారు ఎదురుపడ్డాడు.

“తలంటుకున్నాను మాస్టారూ.”

“రోజూనా? ఏం సబ్బే అది, క్లోరిన్ కంపు కొడుతోంది!”

ఎతెల్కా జుట్టును వెనక్కి తోసుకుంది. “రేపు పెందలాడే తగలడు” అని గొణుక్కుంటూ ఆయన వెళ్లిపోయాడు. బతుకు జీవుడా అనుకుంది.

ఎగెర్ ఊళ్లో ఆ రోజుల్లో ఈత కొలను ఒక్కటే, మాస్టార్లు ఇద్దరు. పొద్దున వెన్సెల్, సాయంత్రం బర్నబాష్. ఒకప్పుడు ప్రాణస్నేహితులట. ఈతకు దమ్ము ముఖ్యమా, ఒడుపు ముఖ్యమా అని పదిమందిలో తిట్టుకుని విడిపోయారు. అప్పట్నుంచీ ఒకరు ఎదురొస్తే రెండోవారు వీధి దాటి అవతలికి పోయేవారు. బర్నబాష్ దగ్గరికి వెళ్లిన శిష్యుడికి తన జట్టులో చోటు లేదని వెన్సెల్ బాహాటంగానే చెప్పేవాడు.

ఎతెల్కా వెన్సెల్ జట్టు పిల్ల. దమ్ముకు లోటు లేదు గాని చెయ్యి వేసే తీరే బాగాలేదు. అలా ఈదితే జాతీయ జట్టుకు ఎంపిక కావడం కల్ల. అందుకే ప్రాణాలకు తెగించి, సాయంత్రం పిల్లలంతా వెళ్లాక బర్నబాష్ దగ్గరికి వెళ్లేది.

“నీళ్లతో కుస్తీ పడతావేమిటమ్మా? మోచెయ్యి పైకి! మెల్లగా!” అనేవాడాయన.

“మెల్లగా ఈదడానికి ఇదేమన్నా పెళ్లి ఊరేగింపా? కదులు!” అనేవాడు పొద్దున వెన్సెల్.

విచిత్రమేమిటంటే, సాయంత్రం సాధనతో భుజాలు పీకేసిన మర్నాడు వెన్సెల్, “ఇవాళ కాళ్లాడించు చాలు” అనేవాడు. పొద్దున ఆయన ప్రాణాలు తోడేసిన రోజున బర్నబాష్, “ఊరికే తేలుతూ పడుకో” అనేవాడు. తన అదృష్టానికి మురిసిపోయి ఎతెల్కా చర్చిలో కొవ్వొత్తి వెలిగించేది.

ఎంత బాగుండేవో ఆ రోజులు! ఈత అయ్యాక వణుకుతూ గట్టు మీద కూర్చుని, పందికొవ్వు రాసి ఉల్లిపాయ చక్రాలు పేర్చిన రొట్టె తినేది. తర్వాత ఎన్నో పెద్ద కొలనుల్లో ఈదింది గాని, ఆ ఆకలీ ఆ రుచీ మళ్లీ దొరకలేదు.

వేసవిలో ఎంపిక పోటీ జరిగింది. ఎతెల్కా రెండో స్థానంలో వచ్చింది, జాతీయ జట్టులో చోటు ఖాయం. సంతోషంతో తలెత్తి చూస్తే, బర్నబాష్ జనాన్ని తోసుకుంటూ వెన్సెల్ మీదికి వస్తున్నాడు.

“నీ గొడ్డు చాకిరీ వల్లేరా, పిల్ల ఆఖర్లో చతికిలబడింది!”

“నీ సోకుల వల్ల! లేకపోతే మొదటిదే!”

గుట్టు రట్టయింది. ఎతెల్కా ఏడుస్తూ నీళ్లలోంచి పైకొచ్చింది.

“తప్పు నాదే మాస్టారూ! మీకు తెలియకుండా ఆయన దగ్గరికెళ్లాను. నన్ను జట్టులోంచి తీసెయ్యకండి!”

వెన్సెల్ తువ్వాలు తెచ్చి ఆమె భుజాల మీద కప్పి, బర్నబాష్ వైపు తిరిగాడు.

“రాత్రి మా ఇంట్లో తేల్చుకుందాం లేరా, రోజూలాగే.”