కళ్లజోడు బిస్కెట్లు

“కళ్లజోడు పెట్టొద్దన్నానా?” అంది సలోమి.

కూతురు ఎస్తేరు చేతిలో ఖాళీ పాలప్యాకెట్టు అలాగే ఆగిపోయింది. కత్తిరించిన మూలలోంచి గులాబీరంగు పంచదార క్రీము ఒక చుక్క చాప మీద పడింది. ఐదేళ్ల చిన్నోడు మాత్రం తన పనిలో తానున్నాడు. చేప బిస్కెట్టుకి రంగు సోంపుగింజతో కన్ను పెట్టడం, ఇంకో గింజ నోట్లో వేసుకోవడం.

“ఇది టీచరుగారి బిస్కెట్టమ్మా. పోయినేడు ఇలాగే చేశాంగా,” అంది ఎస్తేరు.

“ఈ యేడు ఆవిడకి పంపటం లేదు.”

పిల్ల క్రీముని వేలితో చెరిపేసి, కళ్లజోడు ఉన్నచోట నక్షత్రం గీసింది. అది చూస్తుంటే సలోమికి పోయినేడాది కడుపుమంట మళ్లీ రాజుకుంది.

మైదా, పంచదార, డాల్డా పట్టుకెళ్లి ఇస్తే భీమడోలు బేకరీలో కాల్చి రేకుడబ్బా నిండా ఇస్తారు. పోయిన క్రిస్మస్‌కి ఆమె రెండు డబ్బాలు చేయించింది. రెండోది కనకరత్నం టీచరుగారికి. ఆవిడ గుడ్డు ముట్టరని ఆ పిండి విడిగా కలిపించింది. ఎనిమిదితో బడి ఆగిపోయిన సలోమి చేత పదో తరగతి పరీక్ష రాయిస్తానని పంతం పట్టి, వారానికి మూడు సాయంత్రాలు భీమడోలులో తన ఇంటికి రప్పించుకుని పాఠం చెప్పేవారావిడ. లెక్క తప్పితే కళ్లజోడు పైనుంచి ఒక చూపు చూసేవారు, అంతే. ఆ చూపు సంగతి విని నవ్వి నవ్వి, పిల్లలు ఆ డబ్బాలో ప్రతి బిస్కెట్టు మీదా కళ్లజోడు గీశారు.

ఆమె మొగుడు ఎలీయాజరుకి ఈ చదువు గిట్టేది కాదు. దీపాలవేళ పొయ్యి వెలగని ఇల్లేమిటని సణిగేవాడు. అలాంటివాడు ఆ రోజు తనంతట తానే, ఆటో కోసం నువ్వెందుకు నిలబడటం, నేనిచ్చొస్తానని డబ్బా బండికి తగిలించుకున్నాడు. చిన్నోణ్ణి ముందు కూర్చోబెట్టుకుని వెళ్లి, పొయ్యి మీద అన్నం దిగకముందే తిరిగొచ్చేశాడు. ఆయన మనసు మారిందని సలోమి పొంగిపోయింది.

మర్నాడు ఆయన మర్చిపోయిన క్యారేజీ పట్టుకుని, ఆయన కాపలా ఉండే చేపలచెరువు గట్టుకి వెళ్లింది. మేత కలిపే పడవలో, తవుడు మధ్య, గులాబీ కళ్లజోళ్లు. ఒక్కటి కూడా కొరికి లేదు.

ఎలీయాజరు తవుడు కలుపుతూనే, తల ఎత్తకుండా చెప్పాడు.

“టీచరుగారు తిప్పి పంపేశారు. మేతలో కలిపేసుకోమన్నారు. మనింటివి వాళ్లు తింటారా సలోమీ? నీకు తెలీకూడదనుకున్నాను.”

ఇక ఆ గుమ్మం తొక్కొద్దన్నాడు. ఆమె తొక్కలేదు. ఆవిడ ఫోను చేస్తే ఎత్తలేదు. పరీక్ష వచ్చి వెళ్లిపోయింది. ఎలీయాజరు తాడేపల్లిగూడెం తీసుకెళ్లి చీర కొనిపెట్టాడు. తన బాధ తెలిసినవాడు ఒక్కడున్నాడు, చాలులే అనుకుంది.

వాకిట్లో ఆటో ఆగింది. దిగింది కనకరత్నం టీచరుగారే.

సలోమి కుర్చీ వేసింది. మర్యాదకి మంచినీళ్లిచ్చింది. ఆవిడ గ్లాసు పట్టుకుని ఆమె మొహంలోకి చూశారు.

“ఏడాదైంది నువ్వు రాక. నా మాట ఏదన్నా నొప్పించిందా అమ్మా?”

“అబ్బే, లేదండి. పిల్లలతో తీరట్లేదండి.”

చిన్నోడు లేచి వెళ్లి ఒక చేప బిస్కెట్టు ఆవిడ చేతిలో పెట్టాడు. “ఈసారి వేటిలోనూ గుడ్డు లేదండి,” అంది ఎస్తేరు. ఎక్కడ పారేస్తారో చూద్దామని సలోమి కళ్లు అక్కడే ఉంచింది. ఆవిడ బిస్కెట్టంతా తిని, చీర మీద రాలిన పొడి కూడా ఏరి నోట్లో వేసుకున్నారు.

“ఇంత బాగా చేస్తావని ఎప్పుడూ చెప్పలేదేం?”

చేపలకి వేసెయ్యమనే ముందు ఒక్కటి కొరికుంటే తెలిసేది. ఎంత బాగా నటిస్తున్నారు అనుకుంది సలోమి. పైకే అనేసింది.

“చెప్తే తినేవారాండీ?”

“ఎందుకు తిననే?” అని నవ్వేశారావిడ. ఆ నవ్వు సలోమిని మరీ మండించింది.

వెళ్తూ వెళ్తూ సంచిలోంచి పరీక్ష దరఖాస్తు తీసి చాప మీద పెట్టారు. అంతా తనే నింపేశానని, సంతకం పెడితే చాలని, శనివారం ఆఖరు రోజని చెప్పారు. సలోమి సరేనండి అంది. ఆటో మలుపు తిరిగేదాకా నిలబడి, వచ్చి చాప మీద కూలబడింది.

డబ్బా అడుగున వేయడానికి కాగితం కావాలి. దరఖాస్తుని నాలుగు మడతలు పెట్టి అడుగున పరిచింది. దాని మీద బిస్కెట్లు పేర్చబోతుంటే చిన్నోడు డబ్బాలో చెయ్యి పెట్టి ఆ కాగితం లాగేశాడు.

“ఈ డబ్బా టీచరుగారికి ఇద్దామమ్మా. ఆవిడకి చేప నచ్చింది.”

“వద్దన్నానా.”

“నువ్వే పట్టుకెళ్లి ఇవ్వాలి.”

వాడితో వాదించే ఓపిక లేకపోయింది. మాట తప్పించడానికి అంది. “నేనెందుకురా, సాయంత్రం నాన్న బండి మీద వెళ్తారుగా.”

చిన్నోడు సోంపుగింజ నములుతూ తల అడ్డంగా ఊపాడు.

“నాన్నకిస్తే మళ్లీ దారిలోనే చేపలకి వేసేస్తాడు.”