కొబ్బరి పోట్లు

పలకలు బిగించాలి. సందుల్లో కాగితం కుక్కాలి. ఇనుము కట్టాలి. పొద్దుగూకేలోగా స్లాబు పోసెయ్యాలి.

రేపు ఆదివారం. టోంగా దీవుల్లో ఆదివారం పని నిషేధం; సుత్తి మోగితే పోలీసులొస్తారు.

సెంట్రింగ్ మేస్త్రీ ఫిలిమోనే పొద్దుటి నుంచి నిప్పులు తొక్కుతున్నాడు. స్లాబును మోసే పోటుకర్రలు చాలక, నిన్ననే కొబ్బరిమాను కోయించి స్లాబు కింద నిలబెట్టాడు.

పైన కాంక్రీటు పడుతుంటే కింద ఠక్, ఠక్ మని చప్పుడు.

వంగి చూశాడు. ఎవరో ముసలాయన సుత్తితో ఒక్కో పోటునూ తట్టి, చెవి ఆనించి వింటున్నాడు.

"ఎవడ్రా నువ్వు? పోట్లు పీకుతున్నావా?"

"మార్చమంటున్నా. ఇది కొబ్బరిమాను లోపలి చెక్క నాయనా, మెత్తన. పైవాళ్ళని దించెయ్."

"దించితే రేపు మీ తాతొచ్చి పోస్తాడా?"

ఫిలిమోనే కిందికి దిగొచ్చి గుద్దాడు. ముసలాయన పళ్ళు రెండు ఇసుకలో పడ్డాయి.

"నీలాంటివాడే ఒక మేస్త్రీ మా నాన్నని స్లాబు కింద చంపాడు. వాడు దొరికితే వాడికీ ఇదే!"

అడ్డం పెట్టుకున్న చేతులు ముసలాయన మెల్లగా దించేశాడు.

ఫిలిమోనే డొక్కలో తన్నాడు. మళ్ళీ తన్నాడు. ఈడ్చుకెళ్ళి కంచె అవతల పారేశాడు.

మూడింటికి కింద ఏదో చిట్లింది.

ఫిలిమోనే దూకి చూశాడు. మధ్య పోటు చెరుకు పిప్పిలా నలిగిపోతోంది. ముసలాయన అప్పటికే అక్కడున్నాడు. నోట్లో నెత్తురు, భుజం మీద గట్టి కర్ర, కర్ర మీద స్లాబు.

"దించరా నీ వాళ్ళని!"

ఒకరి తర్వాత ఒకరు తొమ్మిదిమందీ దిగారు.

"నువ్వూ రా తాతా!" ఫిలిమోనే చెయ్యి చాచాడు.

ముసలాయన అతణ్ణి ఛాతీ మీద ఒక్క తన్ను తన్నాడు. ఫిలిమోనే వెల్లకిలా బయట పడ్డాడు. ముసలాయన లోపలుండగానే స్లాబు కూలింది.

సాయంత్రం తవ్వి తీశారు. ఎవరూ లేని శవం కదా అని, కప్పడానికి ఫిలిమోనే తల్లి చాప తెచ్చింది. మొహం చూసి నిలబడిపోయింది.

"ఎవరమ్మా?"

"వైసేలే."

దొరికితే చంపుతానని ఫిలిమోనే పన్నెండో ఏట ఒట్టేసుకున్న పేరు అది.

"జైలు నుంచి వచ్చాక ఎక్కడ స్లాబు పోసినా వెళ్ళి పోట్లు తట్టి చూస్తాడని విన్నాన్రా" అంటూ ఆమె చాప కప్పింది.

మీరెక్కడైనా స్లాబు పోసేముందు ఒక్కో పోటునూ తట్టి వినండి. వినేటప్పుడు, ఫిలిమోనే తండ్రిని చంపిన ఆ వైసేలేను ఒక్కసారి తలుచుకోండి.