బిగుసుకోని చార్జర్

రసజ్ఞకు ఒళ్ళు మండిపోతోంది.

ఎలక్ట్రిక్ ఆటోల చార్జర్‌కు సర్క్యూట్ బోర్డు డిజైన్ చేసింది తను. అందులోని రిసెట్ చిప్‌ను మేనేజర్ ఉదయ్ భాస్కర్ దండగంటూ తీయించేశాడు.

"కరెంటు రెప్పపాటు తగ్గి వచ్చినా బోర్డు పనిచేయకుండా బిగుసుకుపోతుందండీ. దాన్ని మళ్ళీ మొదలుపెట్టేది ఆ చిప్పే."

"నెల్రోజులుగా మన గేటు పక్కన పెట్టి చూస్తున్నాం కదమ్మా. ఒక్క కంప్లైంటైనా వచ్చిందా?"

రాలేదు. అదే ఆమె మంట. నాలుగు చినుకులు పడితే హైటెక్ సిటీలో లైట్లు కొట్టుకుంటాయి. ఈ మాయదారి చార్జర్‌కు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

"ఇక వాదనలొద్దు. డిజైన్‌ను రేపే ఫ్యాక్టరీకి పంపుతున్నా," అన్నాడాయన.

విసవిసా కిందికి దిగింది. గేటు దగ్గర ఒక ఆటో డ్రైవరు చార్జర్ పెట్టె తెరిచి లోపల చెయ్యి పెట్టాడు.

"ఏం చేస్తున్నావ్? కరెంటు దొంగతనమా?"

"కాదు మేడం, జర ఇనుండ్రి. ఇది..."

"నువ్వు నాకు చెప్పేదేంటి? సెక్యూరిటీ, వీణ్ణి బయటికి పంపండి. మళ్ళీ కనిపిస్తే పోలీసులకు పట్టిస్తా."

మేనేజర్ మీద చూపలేని కోపమంతా అతని మీద కక్కింది. సెక్యూరిటీవాళ్ళు మెడపట్టి గెంటారు. చార్జింగ్ లేని ఆటోను తోసుకుంటూ పోయాడతను.

వానలు మొదలయ్యాయి. బాలానగర్, చందానగర్, పుప్పాలగూడ... కొత్త చార్జర్లు పెట్టిన ప్రతిచోటా బిగుసుకుపోయాయి.

ఉదయ్ భాస్కర్ బల్ల గుద్దాడు.

"డిజైన్ నీది. గేటు దగ్గర నెలంతా నడిచింది, అక్కడెందుకు నడవదు? సాయంత్రానికి జవాబు చెప్పు. లేదా రాజీనామా ఇచ్చి వెళ్ళు."

పళ్ళు కొరుకుతూ గేటు దగ్గరికి వెళ్ళింది. అక్కడి చార్జర్ కూడా చచ్చిపడి ఉంది.

"ఇది ఎప్పట్నుంచి ఇలా ఉందమ్మా?" పక్కనే చాయ్ అమ్మే సత్తెమ్మను అడిగింది.

సత్తెమ్మ ఎగాదిగా చూసింది.

"ఇప్పుడు యాదికొచ్చిందా మేడం? కరెంటు కొట్టుకున్నప్పుడల్లా ఇది బందయితుండె. ఐలయ్యనే ఉరికొచ్చి, లోపలి స్విచ్ బంద్ జేసి మల్ల ఏస్తుండె. అందరి ఆటోలు ఆయన పుణ్యాన నడిచినయ్. ఆయన్నే దొంగ అంటివి. ఆ దినం సంది ఇట్లనే పడి ఉంది."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఎవరికెరుక? ఈ అడ్డా పోయినంక ఆటో అమ్ముకున్నడంట."

రసజ్ఞకు తిట్టడానికి ఇక ఎవరూ మిగల్లేదు. ఏ రిసెట్ చిప్ కోసం నెలంతా పోట్లాడిందో, ఆ చిప్ పని చేసిపెట్టిన మనిషిని మెడపట్టి గెంటించింది తనే.