ఇంజిను మీద చెయ్యి

మాయాబందర్ జెట్టీ మీద గాలీ వానా పెరిగాయి. వేటకెళ్ళిన డింగీ పడవలన్నీ తిరిగొచ్చాయి. టైటస్‌ది ఒక్కటే రాలేదు.

"చలో, లోపలికి రామ్మా. తడిసిపోతన్నావు" అన్నాడు మామ యిర్మియా.

దయావతి కదలలేదు. భర్త టైటస్ డింగీ కట్టే కొయ్య దగ్గరే నిలబడి వణుకుతోంది.

"ప్రార్థన చేసుకో. ధైర్యం వస్తాది."

"ఏ మొహం పెట్టుకుని చెయ్యను మావయ్యా? రోజూ ఇంజిను మీద చెయ్యేసి ప్రార్థన చేసి పంపేదాన్ని. ఇవాళ మౌసమ్ బాగోలేదు, వెళ్ళొద్దంటే వినలేదు. కోపంతో నేను గుమ్మం కూడా దిగలేదు. సముద్రమే నీ పెళ్ళాం, అక్కడే ఉండిపో అన్నాను."

"విన్నాన్లే. బస్తీ అంతా వింది."

ఆమె ఏడుస్తూనే నవ్వబోయి, నవ్వలేకపోయింది.

"దేవుడూ వినుంటాడు గదా! ఆ మాటే పట్టుకుంటే?"

యిర్మియా గొడుగు ఆమె వైపు వంచాడు.

"పొద్దున డింగీ తోసింది నేనే. ఇంజిను మీద వాడే చెయ్యేశాడు."

"ఆయనా? ప్రార్థనంటే సిగ్గుపడతాడే!"

"పడ్డాడు. నన్ను అటు తిరగమన్నాడు. అయినా వినపడింది. తన కోసం ఏమీ అడగలేదు. 'ప్రభువా, దయ ఇంటికాడ భయపడతాది, దాని దగ్గరుండు' అన్నాడు. బస్, అంతే."

దయావతి, రోజూ ఇంజిను మీద వేసినట్టే, తడిసిన కొయ్య మీద అరచెయ్యి ఆనించింది. ఆ చెయ్యి ఇప్పుడు వణకడం లేదు.

"ప్రభువా, నా దగ్గరకొచ్చావు, చాలు" అంది. "ఇంక ఆయన దగ్గరికెళ్ళు."