దొంగమెట్టు

"ఎనిమిదో మెట్టుకు రెండు దీపాలేమిటి?"

కొలీన్ కిందినుంచే కేకేసింది.

మొత్తం పదమూడు మెట్లు. మెట్టుకొక చిన్న ఎల్‌ఈడీ దీపం, పాదం దగ్గర వెలుగు పడేలా. అన్నీ వరసగా ముచ్చటగా ఉన్నాయి. ఎనిమిదో దాని దగ్గర మాత్రం పన్ను మీద పన్నులా ఇంకొకటి!

దీపాలు బిగిస్తున్న ముసలాయన పేరు రెయినో. డెబ్బై దాటిన మనిషి. పొద్దున వచ్చినవాడు మెట్ల కింది అరలో దూరి గంటసేపు బయటికి రాలేదు. నిద్రపోయాడేమోనని కొలీన్ తలుపు తట్టింది కూడా. కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "దుమ్మమ్మా" అన్నాడు.

ఇప్పుడు మెట్టు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

"అది దొంగమెట్టమ్మా. దానికి రెండు కళ్లుండాలి."

"దొంగమెట్టా? మేమొచ్చి ఆరేళ్లయింది. ఇంట్లో చెంచా కూడా పోలేదే!"

"మీ కాళ్లకి అలవాటైపోయింది. కొత్త కాలు దాన్ని కనిపెట్టలేదు."

కొత్త కాలు కొలీన్ తండ్రి వర్న్‌ది. ఆయనకు తుంటి ఎముక మార్చారు. శనివారం ఈ ఇంటికి వచ్చేస్తున్నాడు. ఇంకొక్కసారి పడితే వృద్ధాశ్రమమే దిక్కని డాక్టరు తేల్చేశాడు. పోనీ కింద గదిలో పడుకోమంటే ససేమిరా అన్నాడు. "సరస్సు కనబడని గదిలో పడుండడానికి నేనేమన్నా బంగాళాదుంపల బస్తానా?" అని ఎదురు ప్రశ్న. సరస్సు ఒడ్డునున్న ఈ థండర్‌బే ఊళ్లో పుట్టినవాళ్లకు అది కనబడకపోతే ముద్ద దిగదు. అందుకే ఈ దీపాలు.

"అందం చెడింది. తీసెయ్యండి," అంది కొలీన్.

"ఒక్క వారం ఉండనివ్వండి."

"తీసెయ్యమన్నానా!"

కొలీన్ మాట కరుకైనా మనసు వెన్న అంటారు తెలిసినవాళ్లు. ఆ రోజు వెన్న జాడ లేదు.

రెయినో మెట్టు అంచు తడిమాడు.

"పోనీ, శనివారం పొద్దున్నే వచ్చి ఆ మెట్టే సరిచేసి పెడతాను. ఊరికే. ఆదివారమైతే నాకు కుదరదు."

"బాగుంది! దీపం పెట్టమంటే మెట్టు పీకుతానంటారు. మెట్టు ఇస్తే ఇల్లే పీకేలా ఉన్నారు. శనివారం మా నాన్న వస్తున్నాడు, ఇంట్లో సుత్తి మోతలొద్దు."

అంతటితో ఊరుకుందా? లేదు.

"అసలు ఈ మెట్లు చేసిన వడ్రంగి ఎవరో గానీ మహానుభావుడు. యాభై ఏళ్లయినా కిర్రుమనలేదు. అలాంటి వాడి పనికి వంకలు పెడతారా మీరు?"

రెయినో ముఖం ఎర్రబడింది.

రెండో దీపం ఊడదీసి ఆమె చేతిలో పెట్టాడు.

"వైరు మెట్ల కింద వదిలేశాను. ఎప్పుడైనా కావాలంటే తగిలించుకోవడమే."

వెళ్తూ వెళ్తూ మెట్ల రెయిలింగు మీద ఒకసారి చెయ్యి వేసి నిమిరాడు. చాదస్తం అనుకుంది కొలీన్.

మంగళవారం ఉదయం వర్న్ కాఫీ కప్పుతో మేడెక్కుతున్నాడు.

ఎనిమిదో మెట్టు దగ్గర కాలివేలు తగిలింది. రెయిలింగు చేతికి దొరికింది కాబట్టి సరిపోయింది. కప్పు మాత్రం దొర్లుకుంటూ కిందికొచ్చి పగిలింది.

కొలీన్ పరుగెత్తింది. ఆయన మోకాలు గీసుకుపోయింది, అంతే. కానీ ప్రతిదానికీ వేళాకోళమాడే మనిషి మెట్టు మీద చతికిలబడి, "ఆ ఆశ్రమానికి ఫోన్ చెయ్యమ్మా. నావల్ల కాదు," అన్నాడు.

కొలీన్ ఆ ఫోన్ చెయ్యలేదు.

టేపు తెచ్చి మెట్ల ఎత్తు కొలిచింది. ఏడున్నర అంగుళాలు. ఏడున్నర. అన్నీ ఏడున్నరే. ఎనిమిదోది ఎనిమిదీ పావు!

వెంటనే దీపాలు అమ్మిన షాపుకి ఫోన్ చేసింది.

"మొన్న వచ్చిన రెయినో గారు కావాలండీ. క్షమాపణ చెప్పుకోవాలి."

"అయ్యో, ఆయన మా దగ్గర మానేసి ఎనిమిదేళ్లయింది," అంది షాపావిడ. "వీడ్కోలు చెప్పడానికొచ్చి, బల్ల మీద మీ అడ్రసు చూశాడు. ఈ ఒక్క పనీ నాకివ్వమని బతిమాలాడు. ఆదివారం విమానమెక్కి ఫిన్లాండ్ వెళ్లిపోయాడు, చెల్లెలి దగ్గరికి. ఇక రాడు."

కొలీన్ తల తిప్పి ఎనిమిదో మెట్టు వైపు చూసింది.

"ఊళ్లో ఒక్క పని మిగిలిపోయింది, అది సరిచేసి పోతానన్నాడు. ఇంతకీ చేశాడా?"

"చేశాడు," అంది కొలీన్. ఫోన్ పెట్టేసి, చెడగొట్టింది నేనే అనుకుంది.

సొరుగులోంచి దీపం తీసింది. టార్చి పట్టుకుని మెట్ల కింది అరలో దూరింది. వైరు అక్కడే వేలాడుతోంది. దీపాన్ని పాత రంధ్రంలో దూర్చి, వైరుకు తగిలించింది.

పైన మెట్ల మీంచి వర్న్ గొంతు వినిపించింది.

"ఇదేమిటే, ఎనిమిదో మెట్టుకు రెండు దీపాలు?"

"అది దొంగమెట్టు నాన్నా!"

"ఓహో! మరి దొంగ దొరికాడుగా, ఆశ్రమానికి ఫోన్ చెయ్యకులే," అన్నాడాయన. ఆయన అడుగుల చప్పుడు ఒక్కొక్కటే ఆమె తల మీదుగా పైకెళ్లింది. ఎక్కడా తడబడలేదు.

కొలీన్ టార్చి పైకి తిప్పింది.

ఎనిమిదో మెట్టు అడుగున, చెక్క మీద, వెలిసిపోయిన పెన్సిల్ రాత: "నా మొదటి మెట్లు. ఎనిమిదోది ముప్పావు అంగుళం పెరిగింది. మేస్త్రీకి చెప్పే ధైర్యం లేదు. రెయినో, 1974."

దాని కిందే, మొన్నటి పెన్సిల్‌తో ఇంకో రెండు మాటలు: "దీపం పెట్టాను."